ఇల్లు అమ్మకానికి సిద్ధం చేయడం: బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం వైపు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు అమ్ముదామనుకున్నాం. రంగులు వేయించడంతో మొదలుపెట్టాలా?

వద్దు. రంగు చివరి పని. ముందు కాగితాలు, తర్వాత నీరు కారే చోట్లు, ఆ తర్వాత కరెంటు, నీళ్లు, మరుగుదొడ్డి, అన్నీ అయ్యాక రంగు. ఈ వరస తప్పితే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది. చెమ్మ ఉన్న గోడకు వేసిన రంగు ఒక్క వానాకాలంలో పొక్కులు లేస్తుంది. ఇల్లు ఎంత ముస్తాబు చేసినా పట్టాలో పేరు తేడా ఉంటే కొనేవారి బ్యాంకు లోను ఇవ్వదు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవారికి మూడు నెలల సమయం చాలు. పట్టా ఇంకా తాతగారి పేరునే ఉంటే ఏడాది ముందే మొదలుపెట్టండి.

ఏయే కాగితాలు చేతిలో ఉండాలి?

ఒడిశాలో అన్నిటికన్నా ముందు అడిగేది పట్టా, అంటే రికార్డ్ ఆఫ్ రైట్స్. ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల భూలేఖ్ వెబ్‌సైటులో జిల్లా, తహసీలు, మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా నంబరు కొట్టి ఇప్పుడే ఒక ప్రతి తీసుకోండి. అది ఒడియాలో ఉంటుంది. చదవడం రాకపోతే చదివినవారి పక్కన కూర్చుని నాలుగు విషయాలు చూసుకోండి. యజమాని పేరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం, కిసమ్ (భూమి రకం).

చాలామంది పట్టించుకోని గడి కిసమ్. అక్కడ ‘ఘరబారి’ అని ఉంటే అది ఇళ్ల స్థలం. ‘శారద’ లాంటి సాగు భూమి పేరు ఉంటే, దాని మీద ముప్పై ఏళ్లుగా మేడ ఉన్నా కాగితం లెక్కలో అది పొలమే. అలాంటి స్థలం మీద ఇంటి లోను పుట్టడం కష్టం. ఒడిశా భూసంస్కరణల చట్టం, 1960లోని 8-ఏ సెక్షన్ కింద తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి కిసమ్ మార్పించుకోవాలి. కొనేవారు దొరికాక మొదలుపెడితే వారు ఆగరు.

పట్టాతోపాటు మీరు కొన్న అసలు దస్తావేజు, దానికి ముందున్న లింకు దస్తావేజులు, సబ్ రిజిస్ట్రార్ ఇచ్చే ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), ఈ ఏడాది వరకు కట్టిన ఖజణా రసీదు (మన శిస్తు రసీదే), హోల్డింగ్ ట్యాక్సు (మన ఇంటి పన్ను) రసీదు, ఇంటి ప్లాను మంజూరు కాగితం, కరెంటు బిల్లు, నీటి బిల్లు ఒకే ఫైలులో పెట్టండి. ఈసీ కనీసం 13 ఏళ్లకు తీయండి. 30 ఏళ్లకు తీస్తే ఏ బ్యాంకు న్యాయవాదీ మళ్లీ వెనక్కి పంపడు.

మంజూరైన ప్లానులో ఒక అంతస్తే ఉండి, మీరు రెండు వేసి ఉంటే ఆ మాట కొనేవారికి మొదటి రోజే చెప్పండి. వారి బ్యాంకు ఇంజనీరు వచ్చి కొలిచినప్పుడు ఎలాగూ తేలుతుంది. అప్పుడు పై అంతస్తుకు విలువ కట్టరు, లోను తగ్గుతుంది, బేరం అక్కడే విరుగుతుంది.

మా దస్తావేజు తెలుగులో ఉంది. చెల్లుతుందా?

చెల్లుతుంది. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అందుకే పాత కుటుంబాల దగ్గర తెలుగు దస్తావేజులు కనిపిస్తాయి. కాగితం చెల్లడంలో ఇబ్బంది లేదు, చదివేవారు దొరకడమే ఇబ్బంది. నోటరీ చేసిన ఇంగ్లీషు లేదా ఒడియా అనువాదం ముందే చేయించి అసలుకు జతపెట్టండి. పాత కొలతలు, హద్దుల్లోని వీధి పేర్లు అనువాదంలో మారిపోకుండా పక్కన మీరే కూర్చుని సరిచూడండి. హద్దులో ‘తూర్పున రాజవీధి’ అని ఉంటే ఇప్పుడు ఆ వీధిని ఏమంటున్నారో అనువాదంతోపాటు ఒక చీటీ మీద రాసి పెట్టండి.

పట్టాలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. ఏం చేయాలి?

ఈ సరిహద్దులో తెలుగువారికి అన్నిటికన్నా ఎక్కువగా అడ్డొచ్చేది ఇదే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ ఒక్క అక్షరంగా. ఒడియా పద్ధతిలో ఇంటిపేరు చివర వస్తుంది. దాంతో సెటిల్‌మెంటు రికార్డులో ‘రావు’ ఇంటిపేరైపోతుంది, అసలు ఇంటిపేరు మాయమవుతుంది. వెంకటరావు ఒక చోట ఒకే మాట, ఇంకో చోట రెండు మాటలు. తండ్రి పేరులో ‘య్య’ పోయి ‘య’ మిగులుతుంది.

అక్షరాల తేడా చిన్నదైతే, రెండు పేర్లూ ఒకే మనిషివని చెప్పే అఫిడవిట్‌తో బ్యాంకులు ఒప్పుకుంటాయి. తండ్రి పేరు మారినా, ఇంటిపేరు పూర్తిగా వేరుగా ఉన్నా అఫిడవిట్ చాలదు. తహసీలు ఆఫీసులో పట్టా దిద్దుబాటుకు దరఖాస్తు పెట్టాలి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా మూడూ ఒకే రకంగా ఉండేలా ముందు సరిచేసుకుని, ఆ పేరుకే పట్టాను దిద్దించండి. పట్టాను ఆధార్‌కు సరిచేసి తర్వాత ఆధార్‌నే మార్చుకుంటే మళ్లీ మొదటికొస్తుంది.

పట్టా ఇంకా నాన్నగారి పేరున ఉంది. మేం ముగ్గురం అన్నదమ్ములం, ఇద్దరు చెల్లెళ్లు.

చెల్లెళ్లను ఇప్పుడే పిలిచి కూర్చోండి. 2005లో హిందూ వారసత్వ చట్టం సవరించాక ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఉంది. నాన్నగారి స్వార్జితమైతే, వీలునామా లేనప్పుడు అమ్మగారికీ పిల్లలందరికీ సమాన వాటా మొదటి నుంచీ ఉంది. ‘పెళ్లప్పుడు ఇచ్చేశాం’ అన్న మాట రిజిస్ట్రారు దగ్గర పనికిరాదు.

పద్ధతి ఇలా ఉంటుంది. మరణ ధ్రువపత్రం, చట్టపరమైన వారసుల ధ్రువపత్రం తీసుకోవాలి. తహసీల్లో మ్యుటేషన్‌కు పెట్టి పట్టాను వారసులందరి పేర్ల మీదికి మార్చుకోవాలి. తర్వాత రెండు దారులు. అందరూ కలిసి అమ్మి డబ్బు పంచుకోవచ్చు, ఇదే సులువు. లేదా భూసంస్కరణల చట్టం 19(1)(సి) కింద పరస్పర అంగీకారంతో పంపకం చేయించుకుని ఎవరి భాగం వారు అమ్ముకోవచ్చు. ఒకే ఇల్లయితే పంపకం వద్దని మా సలహా. ఇరవై అడుగుల వెడల్పు ఇంటిని ఐదు ముక్కలు చేస్తే ఏ ముక్కకూ ధర రాదు.

గుంట అంటే ఎంత? కొనేవారొక లెక్క, మేమొక లెక్క చెప్పుకుంటున్నాం.

ఇది సరిచూసుకోకుండా ధర మాట్లాడవద్దు. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. అంటే ఇక్కడి గుంట 1,742 చదరపు అడుగుల పైచిలుకు, అక్కడి గుంట 1,089 చదరపు అడుగులు. ఒకే మాట, 650 అడుగుల తేడా. హైదరాబాదులో స్థిరపడిన కొడుకు ఫోనులో ‘గుంటకు ఇంత’ అని బేరం ఖాయం చేస్తే ఎవరో ఒకరు మోసపోయామనుకుంటారు.

డిసిమిల్, మన సెంటు ఒకటే. రెండూ ఎకరంలో నూరో వంతు, 435.6 చదరపు అడుగులు, 48.4 గజాలు. కాబట్టి ఒడిశా గుంట అంటే నాలుగు సెంట్లు. పట్టాలో ఎకరం, డిసిమిల్ లెక్కే ఉంటుంది. బేరం కూడా ఆ లెక్కలోనే మాట్లాడి, పక్కన చదరపు అడుగులు రాయండి. అమీను (సర్వేయరు) చేత ఒకసారి కొలిపించి మూలలు చూసుకుంటే పొరుగువారితో తగువు కొనేవారి ముందు బయటపడదు.

మా ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంది. ఏమైనా అడ్డా?

రాయగడ, కోరాపుట్, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలు షెడ్యూల్డ్ ప్రాంతాలు. గజపతి జిల్లాలో ఆర్. ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులు కూడా అంతే. ఇక్కడ 1956 నాటి రెండో రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ చెల్లదు. 2002 సవరణ తర్వాత ఇది ఇంకా గట్టిపడింది. మీరు గిరిజనులు కాకపోయినా, మీ స్థలం 1956 తర్వాత గిరిజనుల చేతి నుంచి వచ్చిందా అని కొనేవారి న్యాయవాది వెతుకుతారు. అందుకే లింకు దస్తావేజులు అంత వెనక్కి ఉండాలి.

షెడ్యూల్డ్ ప్రాంతం కాని చోట అమ్మేవారు ఎస్సీ లేదా ఎస్టీ అయి, కొనేవారు ఆ వర్గం కాకపోతే భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ కింద రెవెన్యూ అధికారి ముందస్తు అనుమతి కావాలి. ‘తర్వాత చూసుకుందాం’ అనే మధ్యవర్తి మాట నమ్మకండి. అనుమతి లేని అమ్మకం మొదటి నుంచే చెల్లదు.

ఇంటి మీద లోను ఉంది.

అమ్మవచ్చు. మిగిలిన బాకీ ఎంతో రాసిన పత్రం బ్యాంకు దగ్గర తీసుకుని, కొనేవారు ఇచ్చే సొమ్ములో కొంత నేరుగా ఆ ఖాతాకు పడేలా ఒప్పందంలో రాయించండి. బాకీ పూర్తిగా తీరాక 30 రోజుల్లో అసలు కాగితాలు తిరిగి ఇవ్వాలి, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి అని రిజర్వు బ్యాంకు నియమం. ఇది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఎప్పుడో తీర్చేసిన పాత లోను ఈసీలో ఇంకా కనబడుతుంటే, దాన్ని తీసేయించడం కూడా ఇప్పుడే చేయండి.

గోడకు చెమ్మ ఉంది. ఎక్కడి నుంచి వస్తోందో ఎలా తెలుస్తుంది?

చెమ్మ ఆకారమే సగం చెబుతుంది. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా వరసగా పట్టి, అంచున తెల్లని ఉప్పు పూస్తే అది భూమిలోంచి పైకి లాగుతున్న తడి. పై నుంచి కిందికి చారలు దిగితే డాబా నీరు. గోడ మధ్యలో గుండ్రటి మచ్చ ఏడాది పొడవునా తడిగా ఉంటే లోపలి పైపు. కిటికీ కింద మూలల్లో వస్తే పై సజ్జా, లేదా కిటికీ చట్రం అంచు.

అనుమానం తీరకపోతే అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి 24 గంటలు ఉంచండి. షీటు లోపలి వైపు నీటి బొట్లు కడితే తడి గోడలోంచి వస్తోంది. బయటి వైపు కడితే అది గదిలో గాలి ఆడకపోవడం వల్ల. అప్పుడు గోడను తవ్వక్కర్లేదు, కిటికీలు తెరిచి పెట్టండి చాలు.

భూమి తడికి పైన పుట్టీ, రంగు వేస్తే నిలవదు. నీరు గోడలోంచి వస్తూ తనతో ఉప్పును తెస్తుంది. నీరు ఆరిపోతే ఉప్పు గడ్డకట్టి పుట్టీని నెట్టేస్తుంది. గోపాలపురం, ఛత్రపురం వైపు ఉప్పు గాలి తగిలే చోట ఇది ఇంకా ఎక్కువ. చేయాల్సిందేమిటంటే, చెమ్మ గీత కన్నా ఒక అడుగు పైదాకా పాత ప్లాస్టరు ఇటుక కనబడేలా కొట్టేయండి. ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపండి, నీటితో కడిగితే అది మళ్లీ లోపలికి పోతుంది. పది పదిహేను రోజులు ఆరనిచ్చి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు ప్లాస్టరు వేయండి. అక్కడ జిప్సం, పీఓపీ వాడనే వద్దు, అవి తడిని పీల్చుకుంటాయి. ఇంటి చుట్టూ నేల గోడ వైపు వాలి ఉంటే ముందు దాన్ని బయటికి వాలేట్టు చేయండి. సగం చెమ్మ అక్కడే ఆగిపోతుంది.

డాబా కారుతోంది. పైన తారు పూస్తే చాలదా?

ఒక ఏడాది ఆగుతుంది, తర్వాత ఎండకు పగిలి మళ్లీ కారుతుంది. పైగా నల్ల తారు మచ్చలు చూడగానే కొనేవారు ‘ఈ డాబా కారుతుంది’ అని తేల్చేసుకుంటారు.

ముందు ఎక్కడ కారుతోందో పట్టుకోవాలి. నీరు పోయే తూములకు గుడ్డ, బంకమట్టి కుక్కి, డాబా మీద రెండు అంగుళాల నీరు 48 గంటలు నిలబెట్టి కింద గదులు చూడండి. ఇది చదరపు మీటరుకు 50 కిలోల బరువు. శ్లాబు కింద పెచ్చులూడి ఇనుము కనిపిస్తుంటే ఈ పరీక్ష చేయవద్దు.

మరమ్మతుకు వరస ఇది. నాచును తీగ బ్రష్‌తో గీకి కడిగి ఆరబెట్టాలి. పగుళ్లను ‘వి’ ఆకారంలో అర అంగుళం దాకా తెరిచి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపాలి. పిట్టగోడ, శ్లాబు కలిసే మూల చుట్టూ రెండు అంగుళాల గుండ్రటి గట్టు కట్టాలి. మన తాపీ మేస్త్రులు దీన్ని గోళా అంటారు. ఎక్కువ డాబాలు కారేది నడిమిలో కాదు, ఈ మూలలోనే. తర్వాత వాటర్‌ప్రూఫ్ పూత రెండు కోటింగులు, రెండోది మొదటిదానికి అడ్డంగా, పిట్టగోడ మీదికి కనీసం ఆరంగుళాలు ఎక్కేలా వేయాలి. నీరు నిలిచే పల్లం ఉంటే ముందు వాలు సరిచేయాలి. పది అడుగులకు అంగుళం పైచిలుకు వాలు ఉంటే చాలు.

శ్లాబు కింద పెచ్చులూడి ఇనుము కనబడుతోంది. ప్లాస్టరు చేయించి కప్పేయవచ్చా?

కప్పకండి. ఇనుము తుప్పు పడితే అసలుకన్నా రెండు రెట్లకు మించి ఉబ్బుతుంది. పైన ఎంత ప్లాస్టరు వేసినా ఆ ఉబ్బు మళ్లీ తోసేస్తుంది. పెచ్చు పసిపిల్లల మీద పడితే ఏమవుతుందో ఆలోచించండి.

వదులైన కాంక్రీటును చువ్వ వెనక అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా కొట్టేయాలి. చువ్వను మెరిసేదాకా తీగ బ్రష్‌తో రుద్ది, జింకు ప్రైమరు పూసి, పాత కాంక్రీటుకు అతుకు మందు రాసి, పాలిమర్ మోర్టారు పొరలు పొరలుగా నింపాలి. చువ్వ చాలా సన్నబడి ఉంటే, లేదా మచ్చలు గది అంతా ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. ఆయన రాసిచ్చిన కాగితం, మరమ్మతు ముందు తర్వాత ఫొటోలు ఫైలులో పెట్టండి. 2013 అక్టోబరులో గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరులో గజపతిని ముంచిన తిత్లీ చూసినవారు ఇంటి పైకప్పు గురించి తప్పక అడుగుతారు.

పాత పెంకుటిల్లు, పక్కింటితో ఉమ్మడి గోడ. బాగుచేయించాలా, పడగొట్టాలా?

పాత వీధుల్లో సన్నగా పొడుగ్గా ఉండే వరస ఇళ్లను చాలామంది స్థలం కోసమే కొంటారు. పెద్ద మరమ్మతులు వద్దు, డబ్బు తిరిగి రాదు. విరిగిన పెంకులు మార్చి, పెరడు శుభ్రం చేసి, ఉమ్మడి గోడ ఎవరిది, ఎంత మందం అనేది పొరుగువారితో రాతపూర్వకంగా తేల్చుకుంటే చాలు. పడగొట్టడం కూడా వద్దు. ఉమ్మడి గోడ కదిలితే పక్కింటి పగుళ్లకు మీరు బాధ్యులవుతారు. నిలబడి ఉన్న ఇంటికి హోల్డింగ్ నంబరు, కరెంటు కనెక్షను ఉంటాయి, వాటికీ విలువ ఉంది.

రంగులు ఎంత పడతాయి?

పది అడుగుల ఎత్తున్న 12×10 గది తీసుకోండి. చుట్టుకొలత 44 అడుగులు, గోడలు 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీలకు 50 తీసేస్తే 390. ఇంటీరియర్ ఎమల్షన్ రెండు కోటింగులకు లీటరుకు సుమారు 60 చదరపు అడుగులు వస్తుంది. అంటే ఆరున్నర లీటర్లు. పై కప్పు 120 అడుగులకు రెండు లీటర్లు. పుట్టీ గోడంతా కొత్తగా పెడితే 30 కిలోల దాకా పడుతుంది, పాత గోడ బాగుంటే గుంతల వరకు పెడితే చాలు. ప్రైమరు ఒక కోటింగు మానవద్దు, మానితే గోడ రంగు ఎక్కువ తాగుతుంది. కొత్త ప్లాస్టరు మీద 28 రోజులు ఆగండి.

రంగు లేత గోధుమ, తెలుపు లాంటిదే ఎంచుకోండి. ముదురు ఆకుపచ్చ, గులాబీ మీకు ఎంత ఇష్టమైనా, కొనేవారు తిరిగి వేయించుకునే ఖర్చును ధరలో కోసుకుంటారు.

దేనికి ఖర్చు పెట్టకూడదు?

కొత్త మాడ్యులర్ వంటగది, ఫాల్స్ సీలింగు, నేలకు ఖరీదైన టైల్సు. కొనేవారు ఎలాగూ తమ ఇష్టానికి మారుస్తారు. కారే కుళాయి, ఊగే తలుపు గొళ్లెం, పగిలిన స్విచ్చు బోర్డు మాత్రం వదలకండి. చిన్న లోపాలు చూసి పెద్దవి ఊహించుకుంటారు.

చెద పట్టిన జాడ ఉంది.

తలుపు చట్రం మార్చితే చెద పోదు, దారి నేలలోంచి వస్తుంది. గోడ, గచ్చు కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, ఒక్కోదానికి లీటరు మందు నీరు పోసి సిమెంటుతో మూయాలి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు అయితే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు. బావి, బోరు పక్కన ఈ పని చేయవద్దు. పనివారి చేత చేయించి బిల్లు దాచండి.

నీళ్లు, కరెంటు, సెప్టిక్ ట్యాంకు ఎలా చూపాలి?

బోరు నీటిని పరీక్ష చేయించి ఆ కాగితం చూపండి. తీరం దగ్గర మొదటి ప్రశ్న ‘నీరు ఉప్పా, మంచిదా’ అనే. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలు. ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగి, 1,000 లీటర్లకు 150 నుంచి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి కొన్ని గంటలు ఉంచి పూర్తిగా వదిలేయండి.

దక్షిణ ఒడిశాలో కరెంటు పంపిణీ చేసే సంస్థ టీపీఎస్ఓడీఎల్. పాత బకాయి ఏదీ లేదని చూసుకోండి. ఎర్తింగు సరిగా ఉందో లేదో, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియను చేత చూపించండి. దాని టెస్టు బటను నొక్కితే కరెంటు వెంటనే ఆగాలి.

సెప్టిక్ ట్యాంకును మున్సిపాలిటీ సెస్‌పూల్ బండితో ఖాళీ చేయించండి. మనిషిని మాత్రం లోపలికి దింపవద్దు. 2013 చట్టం ప్రకారం అది నేరం, లోపలి విషవాయువుకు ప్రాణాలు పోతాయి.

లోపాలు కొనేవారికి చెప్పాలా?

చెప్పాలి. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షన్ ప్రకారం, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని, మీకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని చెప్పడం అమ్మేవారి బాధ్యత. చెమ్మ మీద బీరువా జరిపి చూపడం కన్నా ‘ఇక్కడ కారేది, ఇలా బాగుచేశాం, బిల్లు ఇదిగో’ అంటే ధర ఎక్కువ నిలుస్తుంది.

ఏ నెలలో చూపించాలి?

చెమ్మ పనులు మార్చి నుంచి మే లోపు పూర్తి కావాలి. జూన్ నడిమిలో రజో పండుగ మూడు రోజులు పనివారు దొరకరు, వెంటనే వానలొస్తాయి. మనవాళ్లు ఆషాఢంలో, శూన్యమాసంలో బయానా ఇవ్వడానికి వెనకాడతారు. ఒడియావారు పుష్యాన్ని మంచిది కాదంటారు, అక్షయ తృతీయను ఎంతో మంచిదంటారు. ఇవి గుర్తుంచుకుంటే దసరా తర్వాత తుపాను దినాలు గడిచి ఆకాశం తేరుకున్నప్పుడు ఇల్లు బాగా కనబడుతుంది. వానాకాలంలో చూస్తామంటే వద్దనకండి. డాబా పని సరిగ్గా చేసి ఉంటే దానికన్నా మంచి సాక్ష్యం లేదు.

ధర, పన్నులు?

మీ మౌజా బెంచ్‌మార్క్ విలువ (ప్రభుత్వం కట్టిన కనీస ధర) ముందు తెలుసుకోండి. దాని కన్నా తక్కువ రాసినా స్టాంపు సుంకం ఆ విలువ మీదే పడుతుంది. బెంచ్‌మార్క్ విలువ మీరు రాసిన ధరను 10 శాతానికి మించి దాటితే ఆదాయపు పన్ను కూడా దాని మీదే లెక్కిస్తారు. ఒడిశాలో స్టాంపు సుంకం మగవారికి 5 శాతం, ఆడవారికి 4 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 2 శాతం. ఇది కొనేవారి ఖర్చు. ఇంట్లో ఆడవారి పేరున కొంటే ఒక శాతం మిగులుతుందని వారికి చెప్పండి, బేరం కుదరడానికి పనికొస్తుంది.

రెండేళ్లకు మించి మీ దగ్గరున్న ఇంటి లాభం మీద పన్ను 12.5 శాతం. 2024 జూలై 23 కన్నా ముందు కొన్నదైతే, ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క (కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి చూసేది) తక్కువ వస్తే అది ఎంచుకునే వీలు దేశంలో ఉండేవారికి ఉంది. లాభాన్ని రెండేళ్లలో మరో ఇల్లు కొనడానికో, మూడేళ్లలో కట్టుకోవడానికో పెడితే మినహాయింపు ఉంది. ధర 50 లక్షలు, ఆపైన ఉండి, అమ్మేవారు దేశంలో ఉండేవారైతే కొనేవారు 1 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే పన్ను) కోసి కట్టాలి. బయానాతో సహా 20,000 రూపాయలు, ఆపైన సొమ్ము నగదుగా తీసుకోవద్దు. జరిమానా అంత సొమ్మూ కావచ్చు.

మేం విశాఖలో, హైదరాబాదులో, అమెరికాలో ఉన్నాం.

దేశంలో ఉంటే మీరున్న చోటి సబ్ రిజిస్ట్రార్ ముందు పవర్ ఆఫ్ అటార్నీ రాయించి ధ్రువీకరించుకోండి, నోటరీ చాలదు. విదేశంలో ఉంటే భారత కాన్సులేటులో ధ్రువీకరించి పంపాలి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. పవరులో ఇంటి ప్లాటు, ఖాతా నంబర్లు, ఇల్లు అమ్మే హక్కు, డబ్బు ఎవరి ఖాతాకు రావాలో స్పష్టంగా రాయండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంకేమైనా ఉందా?

తాళాలు ఇచ్చే రోజు మీటరు రీడింగు ఫొటో తీసి, తేదీతో ఇద్దరూ సంతకం చేయండి. కరెంటు కనెక్షను పేరు మార్పు దరఖాస్తు మీద అక్కడే సంతకం పెట్టి ఇవ్వండి, లేకపోతే వారి బకాయి మీ పేరున పడుతుంది. హోల్డింగ్ ట్యాక్సు పేరు మార్పుకూ అంతే. నెల రెండు నెలల తర్వాత భూలేఖ్‌లో ఖాతా తెరిచి, పట్టా కొత్తవారి పేరుకు మారిందో లేదో ఒకసారి చూసుకోండి.